కొండంత ఫొటోని గోరంత ఐకాన్‌గా చేయడం ఎలా?

పలాసలో మా పిన్ని ఇంటి దగ్గరే జీడిపప్పు ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఆమధ్య ఫోన్ చేసి, "ఒరే బాబూ, గుండ్రంగా నా బొమ్మ ఒకటి ఉంటాది కదా, అది మార్చాలిరా" అంది. పంపిన ఫొటో కళింగపట్నం బీచ్‌లో తీసింది. నిలువెత్తు పిన్ని, వెనకాల లైట్‌హౌస్, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సగం తెగిన ఐస్‌క్రీం బండి. ఫొటోగా చూస్తే బాగుంది. ఉన్నది ఉన్నట్టు ఐకాన్‌గా పెట్టి చూపిస్తే పిన్నే పెదవి విరిచింది: "ఇందులో నానేటి, సీమలాగున్నాను!"

చాట్ లిస్టులో ఆ గడి బొటనవేలి గోరంతే ఉంటుంది. అందులో ముఖం తప్ప ఇంకేదీ ఆనదు. లైట్‌హౌస్ పుల్లయిపోతుంది, సముద్రం నీలిరంగు మరకవుతుంది. కాబట్టి ఈ పనిలో సగం, ఏది కోసి పారేయాలో తేల్చుకోవడమే. మిగతా సగానికి గింప్ చాలు. స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు బర్క్‌లీ విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన, ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది.

ముందు అసలు ఫొటో సంపాదించండి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటో పొడవు 4000 పిక్సెళ్లు, అంటే 4000 రంగు చుక్కలు ఉంటుంది. నిలువెత్తు మనిషిలో తల ఎత్తు సుమారు ఎనిమిదో వంతు, పైగా పిన్ని ఫొటో నిండా లేదు కాబట్టి, అంత పెద్ద ఫొటోలోనూ పిన్ని ముఖానికి దక్కింది 300 పిక్సెళ్లే. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి వస్తుంది, ముఖానికి నూరో నూటపాతికో మిగులుతాయి. దాన్ని సాగదీస్తే ముఖం కాదు, మసక. అందుకే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కేబుల్ పెట్టి లాగండి.

గింప్‌లో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి ఫొటో తెరవండి. తిప్పమంటావా అని అడిగితే తిప్పమనండి. ఇప్పుడు షిఫ్ట్, సి కలిపి నొక్కితే క్రాప్ టూల్ వస్తుంది. దాని ఆప్షన్లలో ఫిక్స్‌డ్ అన్న చోట టిక్ పెట్టి, యాస్పెక్ట్ రేషియో ఎంచుకుని, 1:1 అని కొట్టండి. ఇక మౌస్ ఎటు లాగినా చదరమే వస్తుంది.

ఎంత కోయాలి? మీకు ఎంత చాలనిపిస్తుందో దానికంటే ఇంకొంచెం ఎక్కువే. తల, మెడ, కాస్త భుజాలు ఉంటే సరిపోతుంది. కళ్లు చదరం మధ్య గీతకి కొంచెం పైన పడాలి. మూలల్లో ముఖ్యమైనదేదీ ఉంచొద్దు. చదరంలో గుండ్రం గీస్తే దాదాపు 21 శాతం మూలల్లోనే పోతుంది. పిన్ని కొప్పులో మల్లెదండ అలాగే ఒకసారి గుండ్రం బయటికి పోయింది, మళ్లీ కోయాల్సి వచ్చింది. సరిపోయిందనిపించాక ఎంటర్ కొట్టండి.

ముఖం వెనకున్న రంగు కూడా చూసుకోవాలి. మా బావ విజయనగరం కోట గుమ్మం నీడలో నల్ల చొక్కాతో దిగిన ఫొటో పెట్టాడు. చిన్నగా చేస్తే చీకట్లో తల ఒక్కటే తేలుతోంది, చూసినవాళ్లంతా ఒకటే నవ్వు. అలాంటి ఫొటోని ఎంత సవరించినా లాభం లేదు, వేరేది వెతుక్కోవడం మేలు. ఎండకి ముఖం మీద కొద్దిగా నీడ పడితే మాత్రం కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి, మధ్యలో ఉన్న బూడిదరంగు ముల్లుని కొంచెం ఎడమకి జరపండి. ముఖం తెరిపిన పడుతుంది. మరీ జరిపితే సున్నం కొట్టినట్టుంటుంది, జాగ్రత్త.

తర్వాత ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్. వెడల్పు 512 అని కొట్టండి, పక్కన గొలుసు గుర్తు కలిసి ఉంటే ఎత్తు దానంతటదే మారుతుంది. కుదించాక బొమ్మ కాస్త మెత్తబడుతుంది. ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్, అందులో షార్పెన్ తీసి రేడియస్ 1 దగ్గర పెట్టి చూడండి. కనురెప్పలు, ముక్కుపుడక తేరుకుంటే అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. కంట్రోల్, డి కలిపి నొక్కి నకలు తీయండి. ఆ నకలుని 48 పిక్సెళ్లకి కుదించి, 1 నొక్కి నూరు శాతంలో చూడండి. బొమ్మ ఎవరిదో పోల్చుకోగలిగితే నెగ్గినట్టే. లేకపోతే క్రాప్ దాకా వెనక్కి వెళ్లి ఇంకా దగ్గరగా కోయండి. నేను రెండుసార్లు వెళ్లాను.

వాట్సాప్‌కి చదరంగానే ఇవ్వండి, గుండ్రంగా అదే చూపిస్తుంది. కరపత్రానికో బ్యానర్‌కో గుండ్రటి బొమ్మే కావాలంటే, లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీకి వెళ్లి యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కండి, మూలలు ఖాళీ కావాలంటే ఇది ఉండాలి. ఇ నొక్కి ఎలిప్స్ టూల్ తీసుకుని, పొజిషన్ 0, 0 అనీ, సైజు 512, 512 అనీ ఇవ్వండి. కంట్రోల్, ఐ కలిపి నొక్కితే ఎంపిక తిరగబడుతుంది. డిలీట్ కొడితే మూలల్లో బూడిదరంగు గళ్లు కనిపిస్తాయి, అంటే అక్కడ ఖాళీ అన్నమాట.

గుండ్రంగా కోసినదాన్ని ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి పీఎన్‌జీగానే తీయండి. జేపీజీకి ఖాళీ అంటే తెలీదు. మొదటిసారి నేను జేపీజీలో ఇచ్చేశాను. ఎర్రటి ప్యాకెట్ లేబుల్ మీద పిన్ని ముఖం చుట్టూ తెల్లటి చదరం వచ్చింది, అప్పటికే యాభై లేబుళ్లు ప్రింటయిపోయాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎగ్జిఫ్, అంటే ఫొటోతోపాటు దాగి ఉండే వివరాలు, దాని దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసిన ఫొటో అయితే ఎక్కడ తీశారో అందులో రాసి ఉంటుంది. అసలు ఫొటోని మాత్రం చెరపొద్దు.

పిన్ని కొత్త బొమ్మ పెట్టుకుంది. సాయంత్రం మళ్లీ ఫోను. "బాగుందిరా. గానీ లైట్‌హౌస్ ఏదిరా?"

స్టేటస్‌లో పెట్టుకోమని ఫొటో మొత్తం తిరిగి పంపాను.