చేతి వాక్యూమ్ క్లీనర్ కొనేముందు దుమ్ము డబ్బా విప్పి చూడండి

చేతి వాక్యూమ్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది ఎన్ని వాట్లని. ఆ అంకె మోటారు ఎంత కరెంటు తింటుందో చెబుతుందే గానీ, దుమ్మును ఎంత బాగా లాగుతుందో చెప్పదు. లాగే బలాన్ని చెప్పే కిలోపాస్కల్ అంకె కొంత నయం. అయితే దాన్ని సాధారణంగా మూతి మూసేసి, గాలి ఆడకుండా చేసి కొలుస్తారు. గాలి ప్రవాహాన్ని కూడా కలిపి లెక్కకట్టేది ఎయిర్‌వాట్. పెట్టె మీద అది ఉంటే, రెండు మోడళ్లను దానితోనే పోల్చండి.

అంతకన్నా ముఖ్యం ఫిల్టర్. కొత్తలో ఏదైనా బాగానే లాగుతుంది. కొన్నాళ్లకు లాగుడు తగ్గిందంటే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, ఫిల్టరే పూడుకుపోయి ఉంటుంది. అందుకే కొనేచోటే దుమ్ము డబ్బా విప్పించండి. ఫిల్టర్‌కు ముందు లోహపు జాలీ గానీ, గాలిని సుడి తిప్పి దుమ్మును పక్కకు నెట్టే సైక్లోన్ గానీ ఉండాలి. వెంట్రుకలు, నలకలు అక్కడే ఆగుతాయి. ఒట్టి గుడ్డ ఫిల్టర్ ఒక్కటే ఉంటే అన్నీ దానికే అంటుకుంటాయి, వారానికోసారి దులుపుకోక తప్పదు. డబ్బా అతుకు దగ్గర రబ్బరు అంచు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. అక్కడ గాలి దూరితే మూతి దగ్గర బలం పోతుంది.

ఇంట్లో ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లుంటే హెపా, అంటే అతి సన్నని దుమ్మును కూడా ఆపే ఫిల్టర్, తప్పనిసరి. హెపాలో హెచ్13 తరగతి ఫిల్టర్ సన్నని కణాల్లో కనీసం 99.95 శాతాన్ని ఆపుతుంది. ‘హెపా తరహా’ అని రాసి ఉంటే ఆ ప్రమాణం ఉందనుకోకండి.

కడుక్కునే ఫిల్టర్‌ను సబ్బు లేకుండా ఉత్త నీళ్లతో కడిగి, నీడలో కనీసం 24 గంటలు ఆరబెట్టాలి. తడిగా బిగిస్తే దుమ్ము బురదలా పట్టేస్తుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది, తడి మోటారుదాకా పోతుంది. విడి ఫిల్టర్ ఒకటి అదనంగా దొరికే మోడలే తీసుకోండి.

బ్యాటరీ లిథియం అయాన్‌ది, విప్పి మార్చుకోగలిగేది అయితే మంచిది. లోపలే బిగించేసిన బ్యాటరీ చచ్చిపోతే యంత్రం మొత్తం మూలన పడుతుంది. పెట్టె మీద 30 నిమిషాలు నడుస్తుందని రాసి ఉంటే, అవి సాధారణంగా తక్కువ వేగంలో వచ్చేవి. పూర్తి వేగంలో 10 నిమిషాలే రావచ్చు, కాబట్టి ఆ అంకె అడిగి తెలుసుకోండి. కారు సాకెట్‌తో నడిచే 12 వోల్టుల రకం కారుకే పరిమితం.

బరువు చూడాలంటే చెయ్యి చాచి ఒక నిమిషం పట్టుకోండి. బరువంతా ముందుకు ఉంటే మణికట్టు లాగేస్తుంది. సోఫా సందులకు సన్నటి మూతి చాలు. పెంపుడు జంతువుల వెంట్రుకలకైతే మోటారుతో తిరిగే బ్రష్ ఉండాల్సిందే, ఉత్త గాలికి అవి ఊడిరావు.

తడికి కూడా పనికొస్తుందని స్పష్టంగా రాసి లేకపోతే నీళ్లు పీల్చనివ్వకండి. వేడి బూడిద ఏ రకంలోనూ వద్దు, లోపల నిప్పు రాజుకుంటుంది.