యుగాంతం మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులోకి వస్తే ఏం చెయ్యాలి

ఫలానా తారీఖున భూమి అంతమైపోద్దంట అని మెసేజ్ వస్తే ముందు మీరు నవ్వకండి. 2012 డిసెంబర్‌లో మా మామ్మ రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదండి, మేమందరం నవ్వేశాం, దాంతో ఆవిడ భయం పోలేదు సరికదా మాతో చెప్పడం మానేసింది, ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తర్వాత ఆ మెసేజ్‌లో మూడు చూడండి, ఎవరు చెప్పారు, ఏ ఊరికి, ఎంత. గోదారి వాళ్ళకి ఇది అలవాటే. వరదొస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఆ నంబర్ వినగానే లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టు మీదకి తోలేస్తారు. అలాంటి కబురు వస్తే క్షణం ఆలోచించక్కర్లేదు, సామాను సర్దేయండి. 1996 నవంబర్ 6 తుఫాను కోనసీమలో కొబ్బరితోటల్ని ఏం చేసిందో చూసినవాళ్ళం. యుగాంతం మెసేజ్‌లో మాత్రం "నాసా చెప్పింది" అని ఉంటది గానీ నాసాలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పారో ఉండదు.

మెసేజ్‌లో ఏ గ్రహం పేరో మనిషి పేరో ఉంటే ఆ పేరు పెట్టి పాత తారీఖులు కూడా వెతకండి. నిబిరు అనే గ్రహం భూమిని గుద్దేస్తదని మొదట చెప్పింది 2003 మే నెలకి, ఆ నెల దాటిపోయాక 2012 డిసెంబర్ 21కి జరిపారు, అది మాయన్ల క్యాలెండర్‌లో ఒక పెద్ద లెక్క పూర్తయ్యే రోజు, మన గోడ క్యాలెండర్ డిసెంబర్ 31తో అయిపోయినట్టే. నిజంగా గ్రహం మీదకొస్తుంటే నెలల ముందే మన డాబా మీంచి మామూలు కళ్ళకే కనపడాలి కదా, ఈ ప్రశ్న పిల్లలకి చెప్పి చూడండి, బాగా పనిచేస్తుంది.

గ్రహాలన్నీ ఒక దగ్గరికి చేరతాయి అన్న మెసేజ్ అయితే 1962 ఫిబ్రవరి సంగతి చెప్పండి. సంక్రాంతికి మకరంలోకి వచ్చిన సూర్యుడి దగ్గరికి మిగతావి కూడా చేరి అష్టగ్రహ కూటమి అయింది, దేశమంతా యజ్ఞాలు చేశారు, 3 నుంచి 5 దాకా భయపడ్డారు, ఏమీ కాలేదు. గ్రహాలు కలిసి భూమిని లాగేస్తాయన్న భయం ఉంటే ఇది చెప్పండి, సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకి అమావాస్య పున్నాలకి పోటు ఎలా పెరుగుతుందో తెలుసు, అది చంద్రుడు, సూర్యుడు కలిసి లాగడం వల్ల. శుక్రుడు మనకి బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా పోటు తెచ్చే ఆ లాగుడు చంద్రుడి దాంట్లో పదివేలో వంతు కూడా ఉండదు.

అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కథ వేరు, అది నిజంగానే పడింది. 1979 జులై 11న ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ మన పల్లెల్లో ఎలాగూ పోతాం అనుకుని కోళ్ళూ మేకలూ కోసుకుతిని ఉన్న డబ్బు ఖర్చుపెట్టేసినవాళ్ళ గురించి పెద్దవాళ్ళు చెప్తారు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇదేనండి, డబ్బు విషయంలో జాగ్రత్తగా ఉండండి. అమెరికాలో విలియం మిల్లర్ అనే మతబోధకుడి మాట నమ్మి 1844 అక్టోబర్ 22 కోసం కొందరు రైతులు పంట కొయ్యకుండా చేలోనే వదిలేశారు. సార్వా కోతలప్పుడు మనం అలా చేస్తే ఏడాదంతా ఏం తింటాం? 2011 మే 21 అని అక్కడి రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ చెప్తే దాచుకున్నదంతా ప్రచారానికి పెట్టేసినవాళ్ళున్నారు, ఆ తర్వాత ఆయన అక్టోబర్ 21 అన్నాడు, అదీ దాటాక తప్పయిందని ఒప్పుకున్నాడు. అందుకే ఇంట్లో ఎవరైనా బంగారం అమ్ముతానన్నా, డిపాజిట్ తీస్తానన్నా, పరీక్ష రాయనన్నా ఆ తారీఖు దాటేదాకా ఆగమని బతిమాలండి, అరవకండి.

పెద్దవాళ్ళనైతే "మామ్మా, అరవై రెండులో మీ ఇంట్లో ఏం చేశారు?" అని అడిగి పక్కన కూచోండి. నేను ఆలస్యంగా అడిగాను, ఆవిడ ఒక గంట చెప్పింది, ఆ రాత్రి పడుకుంది.

తారీఖు దాటాక మెసేజ్ పెట్టినవాళ్ళని గ్రూపులో దెప్పకండి, సిగ్గుపడ్డ మనిషి ఇంకో తారీఖు పట్టుకుంటాడు. ఆ మెసేజ్ మాత్రం డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తర్వాతది వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి ఇంట్లో వాళ్ళకి చూపించొచ్చు.