పిండి నూరే ఆమె మీద నవల రాయాలంటే

గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ ఇరవయ్యో సర్గలో ఒకామె ఉంది. పేరు లేదు. కథానాయకుడైన రాజు ఒడిస్సియస్ ఇంట్లో పిండి చేసే ఆడవాళ్లు పన్నెండు మంది. పదకొండు మంది తమ వంతు ముగించి నిద్రపోయారు. అందరిలోకీ బలం తక్కువైన ఆమె ఒక్కతే తెల్లవారినా ఇంకా పని దగ్గరే ఉంది. మబ్బు లేని ఆకాశంలో ఉరుము వినబడగానే చేతిలో పని ఆపి దేవతల రాజు జియస్‌కి మొక్కుకుంటుంది: ఒడిస్సియస్ భార్య పెనెలోపిని పెళ్లాడాలని వచ్చి తిష్ఠ వేసిన ఈ మగవాళ్లకి ఇదే ఆఖరి భోజనం కావాలి, వీళ్లకి పిండి చేసి చేసి నా మోకాళ్లు సడలిపోయాయి అని. వాళ్లని చంపాలని మారువేషంలో ఇల్లు చేరిన ఒడిస్సియస్ చెవిన ఆ మాట పడి, శుభశకునం అనుకుని సంతోషిస్తాడు. ఆమె మళ్లీ కథలో కనబడదు.

ఆమె మీద చిన్న నవల రాస్తున్నాను. ఇది మూడో ప్రతి. పాత కథల్లోంచి ఇలాంటి ఆడవాళ్లని ఎంచుకుని రాయాలనుకునేవాళ్లకి నా మొదటి మాట: ముందు ఆమె గురించి మూలంలో ఉన్న వాక్యాలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి. నాకు దొరికినవి పదిహేను పంక్తులకి మించవు. వాటిలో ఒక్క అవయవం పేరు ఉంది, మోకాళ్లు. నవలకి దారి అక్కడుంది.

ఆ సంగతి నాకు వెంటనే తట్టలేదు. తెలుగులో పిండి అనగానే విసరడమే నోటికొస్తుంది. మొదటి ప్రతిలో ఆమె చేత తిరగలి తిప్పించాను. గుండ్రంగా తిరిగే రాయి ఈ కథ జరిగే కాలానికి, అంటే కంచు యుగానికి, కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చింది. అప్పుడు ఉన్నది సన్నికల్లు లాంటి పలక, దానిమీద ముందుకీ వెనక్కీ తోసే రాయి. మోకాళ్ల మీద కూర్చుని, కాలివేళ్లు మడిచి, ఒంటి బరువంతా చేతుల్లోకి దింపాలి. సిరియాలో అబూ హురేరా అనే చోట తవ్వి తీసిన కొత్త రాతియుగపు ఆడవాళ్ల ఎముకల్లో ఈ పని గుర్తులు మోకాళ్లలోనూ కాలి బొటనవేళ్లలోనూ కనబడ్డాయి. ‘విసిరింది’ అని ఉన్న ప్రతిచోటా ‘నూరింది’ అని మార్చుకుంటూ పోతే ఆమె నడక మారింది, పడుకునే తీరు మారింది.

రెండో ప్రతిలో తప్పు వేరు. ఆమె చేత నేటి మాటల్లో పేజీలకి పేజీలు కోపం పలికించాను. అక్క చదివి, “అసలు ఈమె పొద్దున లేచి ఏం తింటుందే?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుక్కుంటూ గ్రీసులోని పైలోస్‌లో దొరికిన, లెక్కలు రాసిన మట్టి పలకల దగ్గరికి వెళ్లాను. ఒడిస్సీలో ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ తండ్రి జాడ అడగడానికి వెళ్లిన ఊరే అది. అక్కడి రాజభవనం క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో తగలబడింది. ఆ మంటకే పలకలు కాలి గట్టిపడి మనదాకా వచ్చాయి. వాటి మీది లిపిని మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లీషాయన 1952లో ఛేదించాడు. పిండి చేసేవాళ్లు, స్నానానికి నీళ్లు పోసేవాళ్లు, నూలు వడికేవాళ్లు ఇంతమంది, ఆడపిల్లలు ఇంతమంది, మగపిల్లలు ఇంతమంది అని లెక్క. కూలిగా గోధుమలు, అత్తిపళ్లు. కొన్ని గుంపుల్ని మైలిటస్, క్నిడోస్, లెమ్నోస్ ఊళ్ల పేర్లతో పిలిచారు, అన్నీ సముద్రానికి అవతలివే. కాబట్టి మీ పాత్రకి కోపం ఇచ్చేముందు కూలి ఇవ్వండి, ఊరు ఇవ్వండి. నా ఆమెది లెమ్నోస్.

నాణేలు మాత్రం రానివ్వకండి, అవి క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం దాకా లేవు.

బ్రిటన్‌లోని ఆర్థర్ రాజు కథల్లో అతని రాణి గ్వినివర్‌ని ఎంచుకుంటే ముందు శతాబ్దం తేల్చుకోండి. ఆరో శతాబ్దపు బ్రిటన్ అంటే ఆర్థర్ కొలువులోని వీరుడు లాన్సెలాట్ ఉండకూడదు. అతను ఆమె ప్రియుడిగా కథలోకి వచ్చింది పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి కావ్యంలో.

ఇక మూలంలో జరిగినదాన్ని మార్చకండి. ఆమెని పారిపోనివ్వాలని నాకూ ఎంతో అనిపించింది. కానీ ఇరవై రెండో సర్గలో, తిష్ఠ వేసిన మగవాళ్లని చంపాక, వాళ్లతో కలిసిన దాసీలను టెలిమాకస్ ఓడ తాడు కట్టి ఉరితీస్తాడు. ఇంట్లో ఉన్న యాభై మందిలో పన్నెండు మందిని. ఈమె వాళ్లలో ఉందో లేదో హోమర్ చెప్పలేదు. నేను బతికించాను. మర్నాడు పొద్దున ఆమె వంతుకి కొలిచి పోసిన బార్లీ ఎప్పటికన్నా తక్కువ. తినేవాళ్లు తగ్గారు. రాయి దగ్గర మోకాళ్లు మడుస్తూ ఆమె తలెత్తితే, ముంగిట్లో తాడు ఇంకా విప్పలేదు.