కోళ్ల మందను లెక్కతో చదవడం – 4వ పాఠం: నాటుకోడికి బర్డ్ ఫ్లూ రాదా?

పోయిన పాఠంలో జాతివారీగా ఎన్ని కోళ్లు చనిపోయాయో రాయమన్నాను. మొదట ఎన్ని ఉన్నాయో కూడా రాయమని గట్టిగా చెప్పి ఉండాల్సింది. మైదుకూరు వైపు నుంచి ఒకరు పంపిన పట్టిక చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షెడ్డులో 20 బ్రాయిలర్లు, దొడ్లో 3 నాటుకోళ్లు పోయాయట. అది ఏ రోగమో తేలనేలేదు. కింద మాత్రం ‘నాటుకోడికి ఫ్లూ రాదు’ అని తీర్పు రాసేశారు.

మళ్లీ అడిగితే చెప్పారు, బ్రాయిలర్లు 200, నాటువి 12. అంటే బ్రాయిలర్లలో 10 శాతం, నాటువాటిలో 25 శాతం పోయాయి. తీర్పు తలకిందులైంది కదా! అలాగని నాటువి బలహీనం అనడానికీ లేదు. చనిపోయిన మూడింటిలో ఒక్కటి బతికి ఉంటే 25 కాస్తా 17కి దిగుతుంది. చిన్న మందలో శాతాన్ని నమ్మకండి. నేనైతే 30 కోళ్ల లోపు మందకు శాతం వేయను, ‘12లో 3’ అనే రాసుకుంటాను.

ఇక అసలు చిక్కుకు వస్తాను. చావలేదంటే సోకలేదని కాదు. బాతులనే చూడండి. చాలాసార్లు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకినా అవి మామూలుగానే తిరుగుతూ రెట్టలో వైరస్ వదులుతుంటాయి. వైరస్‌ను పసిగట్టే రిగ్-ఐ అనే జన్యువు బాతులో ఉంది, కోడిలో లేదు. అసీల్ అయినా, కడక్‌నాథ్ అయినా, తెల్ల లెగ్‌హార్న్ అయినా, ఏ జాతైనా అది కోడే, ఆ జన్యువు దానికి లేదు. పందెం పుంజు కండ చూసి దానికి రోగం అంటదు అనేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. ఆ ధీమాతోనే ఊరూరా పుంజులను చేతులు మారుస్తారు.

మరి జాతుల మధ్య తేడా లేనే లేదా? ఉంది. కానీ ఏ వైరస్‌ను ఎదుర్కొన్నప్పుడు అన్నది అడగాలి. బర్డ్ ఫ్లూ వైరస్‌లో తక్కువ తీవ్రతది, ఎక్కువ తీవ్రతది అని రెండు రకాలున్నాయి. తక్కువ తీవ్రత వైరస్ ముఖ్యంగా ఊపిరి గొట్టాల్లో, పేగుల్లో పెరుగుతుంది. ఈజిప్టుకు చెందిన ఫయూమీ కోళ్లకు, లెగ్‌హార్న్ కోళ్లకు ఇలాంటి వైరస్‌ను ఒకేలా ఎక్కించి చూసిన అమెరికా ప్రయోగాల్లో ఫయూమీలు మెరుగ్గా తట్టుకున్నాయి. తీవ్ర రకం అలా కాదు. వైరస్ కణంలోకి దూరాలంటే దాని పైపొర ప్రోటీన్ చీలాలి. ఈ రకానిదాన్ని చీల్చే ఎంజైమ్ కోడి ఒళ్లంతా ఉంటుంది కాబట్టి అన్ని అవయవాల్లోనూ పెరుగుతుంది. 48 గంటల్లో మందలో 90 నుంచి 100 శాతం దాకా పోవచ్చు. ఆ ఉధృతిలో జాతి తేడా కొట్టుకుపోతుంది. వైరస్‌ను అడ్డుకుంటుందనుకునే ఎంఎక్స్ అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 631వ స్థానంలో ఏ అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కూర్చే ముక్క) ఉందో చూసి బలమైన కోడిని ఎంచుకోవచ్చని ఆశపడ్డారు గానీ, ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

మన దొడ్డికీ ఆ ప్రయోగానికీ తేడా గమనించండి. అక్కడ వయసు, మేత, వైరస్ మోతాదు అన్నీ ఒకటే, జాతి ఒక్కటే వేరు. ఇక్కడ బ్రాయిలర్ కిక్కిరిసిన షెడ్డులో ఉంటే, నాటుది చింతచెట్టు కింద తిరుగుతుంది. కొక్కెర తెగులు టీకా ఒకదానికి వేశారు, ఇంకోదానికి వేయలేదు. అప్పుడు మీరు పోల్చింది జాతిని కాదు, పెంపకాన్ని.

ఒకటి రెండు రోజుల్లోనే కుప్పలుగా చనిపోతుంటే పట్టిక పక్కన పడేయండి. చచ్చినవాటిని ముట్టుకోకండి, కోయకండి, పశువైద్యుడికి ఫోన్ చేయండి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌కు వెళ్తాయి. బర్డ్ ఫ్లూ అని ఖాయమైతే చుట్టూ కిలోమీటరులో కోళ్లన్నిటినీ చంపేస్తారు, జాతి చూడరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో జరిగింది అదే.

అభ్యాసం: రెండు జాతుల కోళ్లు మీ దగ్గరుంటే 60 రోజులు రోజూ రాయండి. ఉదయం ఎన్ని ఉన్నాయి, వయసు, టీకా తేదీ, మేత, కొత్తగా తెచ్చినవి, పోయినవి. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి. చివర్లో ఆ రెండు జాతుల మధ్య జాతి కాకుండా ఇంకేం తేడాలున్నాయో కనీసం ఐదు రాసి పంపండి. ఐదు రాకపోతే ఇంకో వారం దొడ్లో కూర్చుని చూడండి.