వాట్‌సిమ్‌లో మీ విమానానికి కంట్రోలర్‌ను వెతకడం ఎలా

వాట్‌సిమ్ మ్యాప్‌లో కంట్రోలర్ చుక్క వెలుగుతోంది కదా అని గేటు దగ్గర విమానం పెట్టి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. కొత్తవాళ్లలో చాలామంది వెంటనే మైకును అనుమానిస్తారు. చాలాసార్లు అసలు సంగతి వేరే: ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి కంట్రోలరూ మీ కంట్రోలర్ కాదు. వాట్‌సిమ్ కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానాలు నడిపేవాళ్ల కోసం 2001 నుంచి నడుస్తున్న ఉచిత ఆన్‌లైన్ నెట్‌వర్క్, అక్కడ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా కూర్చునేవాళ్లంతా వాలంటీర్లే. వీలున్నప్పుడు కూర్చుంటారు, ఇంట్లో పనిపడితే లేచిపోతారు. అందుకని మూడు సంగతులు తెలుసుకోవాలి: మీరున్న చోటు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్లు ఎంతసేపు ఉంటారు, మీరు దిగే వేళకు అవతల ఎవరుంటారు.

మ్యాప్ చదవడం

వాట్‌సిమ్ రాడార్, సిమ్‌అవేర్ బ్రౌజర్‌లో తెరుచుకునే లైవ్ మ్యాప్‌లు. వాట్‌స్పై కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రామ్. అన్నిటికీ మూలం వాట్‌సిమ్ ఇచ్చే డేటాయే, అది 15 సెకన్లకోసారి మారుతుంది. అంటే ఇప్పుడే లాగాఫ్ అయినవాళ్లు కూడా కాసేపు మ్యాప్‌లో కనబడుతూనే ఉంటారు.

కాల్‌సైన్ (కంట్రోలర్ కూర్చున్న స్థానం పేరు) చివరి అక్షరాలే ముఖ్యం; కింది మెట్టు నుంచి పైకి ఇలా ఉంటాయి. డీఈఎల్ అంటే క్లియరెన్స్ (బయల్దేరే రూటుకు అనుమతి) ఇచ్చే డెలివరీ, జీఎన్‌డీ నేల మీది కదలికలు చూసే గ్రౌండ్, టీడబ్ల్యూఆర్ రన్‌వే చూసే టవర్, ఏపీపీ దిగడానికి వచ్చేవాళ్లను చూసే అప్రోచ్, డీఈపీ ఎగిరి వెళ్లేవాళ్లను చూసే డిపార్చర్, సీటీఆర్ దారి మధ్యలో పెద్ద ప్రాంతాన్ని చూసే సెంటర్. ఎఫ్‌ఎస్‌ఎస్ అని ఉంటే చాలా పెద్ద ప్రాంతం. మధ్యలో వచ్చే అక్షరం ఒకే పనిని ఇద్దరు ముగ్గురు పంచుకున్నప్పటిది: ఈజీఎల్‌ఎల్_ఎన్_ఏపీపీ అంటే హీత్రో అప్రోచ్‌లో ఉత్తర భాగం. అమెరికాలో ఎయిర్‌పోర్ట్ కోడ్ ముందుండే కే అక్షరాన్ని వదిలేస్తారు, అక్కడ ఎల్‌ఏఎక్స్_టీడబ్ల్యూఆర్ అని వెతకాలి. ఎల్‌ఏఎక్స్_సీటీఆర్ కనబడితే అది ఒక్క ఎయిర్‌పోర్ట్‌కే పరిమితం కాదు, లాస్ ఏంజెలెస్ సెంటర్.

ఓబీఎస్‌తో ముగిసేవాళ్లు ఊరికే చూస్తున్నవాళ్లు. ఎస్‌యూపీ ఉంటే సూపర్‌వైజర్లు, వాళ్ల పని నియమాలు చూడటం. ఫ్రీక్వెన్సీ 199.998 అని కనబడితే ఆ మనిషి ఇంకా ఏ ఫ్రీక్వెన్సీనీ తెరవలేదు. ఈ ముగ్గురినీ లెక్కలోంచి తీసేయండి. ఏటీఐఎస్ ఒక్కటే వెలుగుతుంటే అది రన్‌వే, వాతావరణం చదివే రికార్డింగ్, మీకు జవాబివ్వదు. కానీ దాన్ని నడుపుతున్నవారు పై మెట్టులో ఎక్కడో కూర్చుని ఉండొచ్చు, అక్కడ వెతకండి.

కింద ఖాళీ, పైన మనిషి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. వాట్‌సిమ్‌లో సాధారణంగా పైనున్న కంట్రోలర్ కింద ఖాళీగా ఉన్న పనులన్నీ తానే చూస్తారు. హీత్రోలో డెలివరీ, గ్రౌండ్, టవర్, అప్రోచ్ ఒక్కటీ లేవు, ఎల్‌ఓఎన్_ఎస్_సీటీఆర్ (లండన్ సెంటర్) మాత్రం ఉంది అనుకోండి. ఎయిర్‌పోర్ట్ మీద చుక్క లేదు కాబట్టి కంట్రోలర్ లేరనుకుని పుష్‌బ్యాక్ చేస్తే (గేటు నుంచి విమానాన్ని వెనక్కి తోయిస్తే) అది తప్పే. క్లియరెన్స్ దగ్గర్నుంచి టేకాఫ్ దాకా అన్నీ ఆ లండన్ కంట్రోల్ ఫ్రీక్వెన్సీలోనే అడగాలి. ఉన్నవాళ్లలో అందరికంటే కింది మెట్టులో ఉన్నవారిని ముందు పిలవాలన్నది సూత్రం. గ్రౌండ్, సెంటర్ ఇద్దరూ ఉంటే క్లియరెన్స్‌కు గ్రౌండ్‌నే పిలవండి.

మినహాయింపులున్నాయి. ఈయూఆర్‌డబ్ల్యూ_ఎఫ్‌ఎస్‌ఎస్ లాంటి యూరోకంట్రోల్ స్థానాలు ఎఫ్‌ఎల్ 245 (సుమారు 24,500 అడుగుల ఎత్తు) పైనే చూస్తాయి. మ్యాప్‌లో సగం ఖండం రంగు పూసినట్టుంటుంది గానీ కింద గేటు దగ్గర వాటితో పని లేదు. మహాసముద్రం మీది కంట్రోలర్లూ అంతే. ఒక దేశపు సెంటర్‌ను ముక్కలు చేసి నడిపే వేళల్లో ఏ ముక్క ఎవరిదో కాల్‌సైన్ చూసి చెప్పడం కష్టం. దానికి వాట్‌గ్లాసెస్ తెరవండి. అది సెక్టార్లను (కంట్రోలర్లు పంచుకునే గగనతలపు ముక్కలను) ఎత్తులవారీగా చూపించే మ్యాప్, ఈ క్షణాన ఏ ఎత్తు ఎవరిదో చెబుతుంది. యూరప్‌లో ఎగిరేవాళ్లకు ఇది లేకుండా గడవదు.

గడియారం లెక్క

నెట్‌వర్క్‌లో టైములన్నీ ప్రపంచమంతటా ఒకటే అయిన యూటీసీలోనే, దాన్నే జులు అంటారు. వాట్‌సిమ్ రాడార్‌లో కంట్రోలర్లు ముందుగా పెట్టుకున్న బుకింగ్‌లు కనబడతాయి, చాలా డివిజన్లు (వాట్‌సిమ్ ప్రాంతీయ విభాగాలు) తమ సైట్లలో కూడా పెడతాయి. బుకింగ్ అంటే వస్తామన్న మాటే, ఒప్పందం కాదు. బుక్ చేయకుండా వచ్చేవాళ్లూ బోలెడంతమంది.

లెక్క దిగే వేళ నుంచి వెనక్కి వేయండి. హీత్రో అప్రోచ్‌కు 1800 నుంచి 2000 జులు దాకా బుకింగ్ ఉంది, మీరు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వస్తున్నారు అనుకుందాం. కాక్‌పిట్ సిద్ధం చేయడానికి 25 నిమిషాలు, పుష్‌బ్యాక్, ట్యాక్సీకి (రన్‌వే దాకా నేల మీద నడపడానికి) 15, గాల్లో 55, మొత్తం 95 నిమిషాలు. 1830కి సిమ్యులేటర్ తెరిస్తే 2005కి దిగుతారు, అప్పటికి అప్రోచ్ మూసేసి ఉండొచ్చు. 1800కే మొదలుపెడితే 1935కి హాయిగా దిగుతారు. బయల్దేరే చోట మాత్రమే చూసుకుని, దిగే చోటును గాలికొదిలేయడం అందరూ చేసే పొరపాటు. రెండు చివర్లా కుదరకపోతే దిగే చోటికే ఓటేయండి. అప్రోచ్ చేతిలో వెక్టర్లు (ఏ దిశకు తిరగాలో చెప్పే సూచనలు) తీసుకుని దిగడంలోనే నేర్చుకునేది ఎక్కువ.

కనెక్ట్ అయ్యాక వీపైలట్ (సిమ్యులేటర్‌ను వాట్‌సిమ్‌కు కలిపే ప్రోగ్రామ్) జాబితాలో కంట్రోలర్ పేరు మీద రైట్‌క్లిక్ చేసి కంట్రోలర్ ఇన్ఫో తెప్పించుకోండి. ఎన్నింటికి మూసేస్తున్నారో చాలామంది అక్కడే రాస్తారు.

ఏ వేళ ఎక్కువమంది ఉంటారంటే, ఆ దేశంలో సాయంత్రం, వారాంతం. యూరప్‌కు 1700 నుంచి 2100 జులు దాకా, అమెరికాకు సుమారు 2300 నుంచి 0400 దాకా చూడండి. ఈవెంట్ల జాబితా మై వాట్‌సిమ్ సైట్‌లో ఉంటుంది. ఈవెంట్ రోజున డెలివరీ నుంచి సెంటర్ దాకా మనుషులు నిండుగా ఉంటారు, విమానాలూ అలాగే ఉంటాయి. అట్లాంటిక్ దాటే పెద్ద ఈవెంట్ క్రాస్ ద పాండ్ లాంటి రోజుల్లో క్లియరెన్స్ కోసమే చాలాసేపు ఆగాల్సి రావచ్చు. మొదటిసారి మాట్లాడబోయేవాళ్లకు వారం మధ్యలో ఒక సాయంత్రం, ఒక టవర్, ఒక అప్రోచ్ ఉన్న చిన్న ఎయిర్‌పోర్ట్ మేలు.

పిలిచినా పలకకపోతే

వీపైలట్, అలాంటిదే అయిన ఎక్స్‌పైలట్ జాబితాలు మీ పరిధిలో ఉన్నవాళ్లను చూపిస్తాయి, మీ గగనతలం ఎవరిదో చెప్పవు. జాబితాలో ఉన్నాడు కదా అని పక్క దేశపు టవర్‌ను పిలిస్తే పని జరగదు. ఫ్రీక్వెన్సీని అంకె అంకె సరిచూడండి. కామ్ 1 (మొదటి రేడియో) ట్రాన్స్‌మిట్ నొక్కి ఉందా, మాట్లాడే మీట పనిచేస్తోందా అన్నదీ చూడండి. ఆడియోలో అసలు రేడియోలాగే దూరం, ఎత్తు లెక్కలోకి వస్తాయి. నేల మీద కొండ పక్కనున్న చిన్న ఎయిర్‌పోర్ట్ నుంచి సెంటర్ వినిపించకపోవచ్చు; అప్పుడు అదే ఫ్రీక్వెన్సీలో టెక్స్ట్ రాయండి. అవతల వేరే విమానంతో సంభాషణ నడుస్తుంటే అది ముగిశాక పిలవండి, ఓ నిమిషం ఆగి మళ్లీ ఒకసారి. ప్రైవేట్ చాట్‌తో మొదలుపెట్టకండి, అది చాలామంది కంట్రోలర్లకు చిరాకు. సూపర్‌వైజర్‌ను పిలిచే వాలప్ కమాండ్ దీనికోసం కాదు.

కంట్రోలర్ ఎవరూ లేని చోట పైలట్లు ఒకరికొకరు చెప్పుకునే 122.800 యూనికామ్ ఫ్రీక్వెన్సీ పెట్టుకుని మీరు చేస్తున్నది ప్రకటిస్తూ ఎగరాలి. కంట్రోలర్ ఉన్న సెక్టార్ అంచుకు చేరేముందే మీరే పిలవండి. తనను సంప్రదించమని కంట్రోలర్ నుంచి మెసేజ్ వస్తే వెంటనే ఫ్రీక్వెన్సీ మార్చాలి. నెట్‌వర్క్‌లో ఉండగా అరగంటకు మించి సీటు వదలకూడదన్న నియమం ఇందుకే.

వాట్‌సిమ్ లాంటి మరో నెట్‌వర్క్ ఐవీఏఓలో ఇదే పని వెబ్‌ఐ మ్యాప్‌తో చేయాలి, అక్కడి పైలట్ ప్రోగ్రామ్ ఆల్టిట్యూడ్. స్థానాల పేర్లు దాదాపు ఇవే. పైనున్నవారు కింది పనులు చూస్తారా లేదా అన్నది మాత్రం ఆయా దేశాల విభాగాల నియమాల్లో చదువుకోవాలి.

మధ్యలో కంట్రోలర్ మూసేస్తున్నారని ప్రకటిస్తే, వెళ్లేలోపే తర్వాతి ఫ్రీక్వెన్సీ ఏదో అడిగేయండి. ఎవరూ లేరంటే ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో మీ విమానాన్ని గుర్తించే నంబర్) అలాగే ఉంచి 122.800కి మారండి. ల్యాండింగ్‌కు ఏ రన్‌వే వాడుతున్నారో చివరి ఏటీఐఎస్ నుంచి రాసిపెట్టుకోండి, ఆ ఏటీఐఎస్ కూడా కంట్రోలర్‌తోపాటే మాయమవుతుంది.