బాక్సింగ్ మొదలుపెట్టే అమ్మాయికి, ఆమె ఇంటివారికి

బాక్సింగ్ హాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు చాలామంది మొదటి నెలలో ఒక పని చేస్తారు. ఎదుటి అమ్మాయి చెంపకు తమ గ్లవ్ తగలగానే చేతులు రెండూ దించేసి, "అయ్యో, సారీ అక్కా" అంటారు. నేనూ అన్నాను, నా దగ్గర నేర్చుకున్నవారిలోనూ చాలామంది అన్నారు. అది ఇంట్లో నేర్పిన మర్యాద కాబట్టి నేను తప్పుపట్టను. కానీ చేతులు దిగిన ఆ క్షణంలోనే ఎదుటివారి పంచ్ వచ్చి తగులుతుంది. అందుకే ముందుగా ఈ మాట మనసుకు పట్టించుకోండి: ఎదుటి అమ్మాయి తన ఇష్టంతో, గార్డ్ (ముఖానికి కాపుగా పెట్టే రెండు చేతులు) ఎత్తుకొని, మీ పంచ్ కోసం సిద్ధమై నిలబడింది. ఆమెను గౌరవించడమంటే శుభ్రంగా కొట్టడం, గంట మోగగానే ఆగిపోవడం, తరువాత గ్లవ్ తాకించి పలకరించడం.

కోపం ఈ ఆటకు ఇంధనమని బయటివారు అనుకుంటారు. నిజానికి కోపం వస్తే ఊపిరి బిగపడుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, పంచ్ బయలుదేరకముందే ఎదుటివారికి తెలిసిపోతుంది. పెద్దల విభాగంలో మహిళల పోటీ అంటే మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. ఒక్కో రౌండ్‌లో మెరుగ్గా ఆడినవారికి ఐదుగురు జడ్జిలు విడివిడిగా 10 పాయింట్లు ఇస్తారు. ఎంత ఆవేశంగా ఉన్నారన్నది వారు చూడరు. సరైన చోట స్పష్టంగా తగిలిన దెబ్బలనూ, నైపుణ్యాన్నీ, ఆటపై పట్టునూ చూస్తారు.

హాల్‌ను ఎంచుకునేటప్పుడు పరికరాలను చూసి మురిసిపోకండి. కోచ్ పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో శిక్షణ పొందినవారా, అమ్మాయిలకు దుస్తులు మార్చుకునే గది వేరుగా ఉందా, ఇప్పటికే ఎంతమంది అమ్మాయిలు వస్తున్నారు, మీ అమ్మగారు ఏ రోజైనా వచ్చి కూర్చుని చూడవచ్చా అని అడగండి. చేరిన వారంలోనే రింగ్‌లోకి దించి కొట్టించే కోచ్ దగ్గర ఒక్క రోజు కూడా ఉండవద్దు. కనీసం మూడు నెలలు అడుగులు, గార్డ్, వేలాడే బ్యాగ్‌ను కొట్టే సాధన సాగిన తరువాతే స్పారింగ్‌కు, అంటే ఎదుటి మనిషితో సాధనగా తలపడటానికి, వెళ్లాలన్నది నా అభిప్రాయం.

ఇంట్లో ఒప్పించడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర బాక్సింగ్ మానేసిన అమ్మాయిల్లో ఎక్కువమంది రింగ్‌లో ఓడి మానలేదు, ఇంట్లో మాట నెగ్గక మానేశారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథ చాలా ఇళ్లలో పనికివచ్చింది. మొదట పరుగు పందేల్లో ఉన్న ఆమె, ఈ ఆట అమ్మాయిలు ఆడరా అని తండ్రిని అడిగి బాక్సింగ్‌లోకి వచ్చారు. తొలిరోజుల్లో ముఖం వాచి ఇంటికి వస్తే, ఈ పిల్లను ఎవరు పెళ్లి చేసుకుంటారని తల్లి బాధపడ్డారు. ఆ అమ్మాయే విశాఖపట్నంలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో శిక్షణ పొంది, 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమై కూడా 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ స్వర్ణాలు గెలిచారు. ఈ పేర్లూ పతకాలూ చెప్పి వాదించడం కన్నా, అమ్మగారిని ఒక సాయంత్రం హాల్‌కు తీసుకువెళ్లడం మేలు. హెడ్ గార్డ్, మౌత్ గార్డ్ చేత్తో పట్టుకొని చూసి, పది మంది పిల్లలు స్కిప్పింగ్ తాడుతో చెమటలు కక్కడం గమనించిన తల్లికి భయం సగం తగ్గుతుంది. మిగిలిన సగం తగ్గాలంటే, ఏ రోజు ఏ గంటకు వెళ్లి ఏ గంటకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఇచ్చి, ఆ మాట తప్పకండి.

ఇక చేతికి కట్టే బ్యాండేజ్. ఇది నాలుగున్నర మీటర్ల పొడవు ఉన్నదైతే మంచిది. వేళ్లను బాగా విప్పి ఉంచి, ఉచ్చును బొటనవేలికి తగిలించి, చేతి వెనుక భాగం మీదుగా మణికట్టుకు తెచ్చి మూడు చుట్లు వేయండి. అక్కడినుంచి పిడికిలి కణుపుల మీదికి వెళ్లి మరో మూడు చుట్లు, తరువాత వేళ్ల సందుల్లోంచి ఒక్కోసారి తీసి, బొటనవేలిని ఒకసారి చుట్టి, మిగిలిందంతా మణికట్టుకే ఇచ్చి ముగించండి. కట్టేటప్పుడు వేళ్లు దగ్గరగా చేర్చి ఉంటే, పిడికిలి బిగించినప్పుడు రక్తం ఆగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సరిగ్గా కట్టినదైతే చేయి తెరిచి ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది, పిడికిలి బిగించినప్పుడు గట్టిపడుతుంది. తొందరలో బొటనవేలు వదిలేసి కట్టుకున్న ఒక సాయంత్రం నా వేలు బెణికి, మూడు వారాలు జడ కూడా సొంతంగా వేసుకోలేకపోయాను. ఇంటికి రాగానే దాన్ని విప్పి దండెం మీద ఆరవేయండి. తడిగా గ్లవ్‌లో కుక్కితే వాసనే కాదు, చర్మవ్యాధులూ వస్తాయి.

నిలబడే తీరు: కుడిచేతి వాటం వారు ఎడమ పాదం ముందుకు పెట్టి, వెనుక మడమ కొద్దిగా లేపి, గడ్డం ఛాతీవైపు దించి, రెండు పిడికిళ్లూ చెంపల దగ్గర ఉంచాలి. జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) వేసినప్పుడు ఊపిరి వదలండి, వెళ్లిన దారిలోనే చేయి చెంప దగ్గరకు తిరిగి రావాలి. తిరిగివచ్చే చేయి కిందకు జారితే అక్కడే ఎదుటివారి క్రాస్, అంటే వెనుక చేత్తో నేరుగా వేసే పంచ్, తగులుతుంది. కొత్తవారందరికీ ఉండే మరో ఇబ్బంది, పంచ్ వస్తుంటే కళ్లు మూసుకుపోవడం. దీనికి ఇంట్లోనే సాధన ఉంది. చెల్లినో తమ్ముణ్నో ఎదురుగా నిలబెట్టి, అరచేతితో ఒకరి భుజాన్ని ఒకరు తాకే ఆట రోజూ రెండు నిమిషాలు ఆడండి. కొన్ని వారాలకు కళ్లు తెరిచి ఉంచడం అలవాటవుతుంది.

వ్యాయామానికి మొదటి ఆరు నెలలూ వారానికి మూడు రోజులు హాల్, రెండు రోజులు పరుగు, ఒక రోజు గుంజీలు, దండీలు, ప్లాంక్ సరిపోతాయి. ఏడో రోజు విశ్రాంతి.

తిండి విషయంలో ఆడపిల్లల పట్ల మన ఇళ్లలో జరిగే పొరపాటు చిన్నది కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండో రౌండ్‌కే కాళ్లు బరువెక్కుతున్నాయంటే సాధన చాలలేదనుకోకుండా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 50 కిలోల అమ్మాయికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములే కాబట్టి, పప్పు, పెరుగు, చేప, మాంసం, శనగలు అన్నీ కలిస్తేనే ఆ లెక్క తేలుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పప్పులో పిండుకునే నిమ్మకాయ మాత్రం పట్టేలా చేస్తుంది. బరువు విభాగం కోసం అన్నం మానేసి, ప్లాస్టిక్ జాకెట్ వేసుకొని పరుగెత్తే అలవాటు ఎదిగే పిల్లలకు వద్దే వద్దు. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే, ఖర్చయ్యేంత శక్తి తిండి నుంచి అందడం లేదేమోనని అనుమానించి వైద్యురాలిని కలవండి, ఎందుకంటే ఆ స్థితి కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. ఈ సంగతి కోచ్‌కు చెప్పడానికి సిగ్గుపడకండి.

పెళ్లి, పిల్లలు అనగానే ఆట ముగిసినట్టే మాట్లాడేవారికి మేరీ కోమ్‌ను చూపించండి. 2007లో కవలలు పుట్టాక ఆమె 2008లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన 2012 లండన్ పోటీల్లో కాంస్యం గెలిచారు. అయితే ఇది ఒక్కరి పట్టుదలతో అయ్యే పని కాదు, ఇంట్లో మరొకరు బాధ్యత ఎత్తుకోవాలి. కాబట్టి పెళ్లి మాటలప్పుడే మీ సాధన వేళలను స్పష్టంగా చెప్పండి. కాన్పు తరువాత వైద్యురాలు సరేనన్నాక నడకతో, కటి కండరాల వ్యాయామాలతో మొదలుపెట్టండి. పరుగు, గెంతులు కనీసం మూడు నెలలు ఆగాలి. స్పారింగ్ ఆ తరువాతి మాట.

మొదటి పోటీ రోజున ఇంటివారు వస్తే మంచిదే, కానీ గ్యాలరీ నుంచి సలహాలు అరవవద్దని ముందే చెప్పండి. మీరు వినవలసింది కార్నర్‌లోని (రింగ్ మూలన మీ వైపు ఉండే) కోచ్ గొంతు ఒక్కటే. గెలిచినా ఓడినా, ఫోటోలు వాట్సాప్‌లో చేరేలోపే మీరే ఇంటికి ఫోన్ చేయండి. తలకు గట్టి దెబ్బ తగిలి ఉంటే ఆ రాత్రి ఒంటరిగా పడుకోకండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మాట తడబడటం, మామూలుగా లేని మగత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వైద్యులు అనుమతించేదాకా స్పారింగ్ ఉండదు. ఈ గుర్తులను ఒక కాగితం మీద రాసి, పోటీకి ముందురోజే అమ్మగారి చేతికి ఇవ్వండి.