పెరటి వంటకు ముందు ఒకసారి చూసుకోండి

కడపలో మే సాయంత్రం పెరట్లో వంట, పద్యాలు, మబ్బుల ముచ్చట పెట్టుకునేవారికి:

• గోపురంలా ఎదిగి అడుగు నల్లబడిన మబ్బు ఎంత అందంగా ఉన్నా, ఉరుము వినిపిస్తే పద్యం సగంలో ఆపైనా ఇంట్లోకి వెళ్లండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లే ఉంటే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో పడినట్టు. చింతచెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

• నిప్పు నేరుగా కడప బండ మీద వేయకండి, వేడికి పెచ్చులు ఎగురుతాయి. మా పెరట్లో అరచేతంత గుంట ఇంకా ఉంది. కింద ఇసుక పోయండి.

• పక్కన గడ్డివామి ఉంటే పొయ్యే వద్దు. వానకు ముందు గాలి చెప్పి రాదు.

• మసాలా పట్టించిన కోడిమాంసం గంటకు మించి బయట ఉంచవద్దు, ఈ వేడికి చెడిపోతుంది.

• చీకటి పడకముందే పద్యాలు చదివేయండి. దీపం పెడితే పురుగులు సంగటిలో పడతాయి.